తర్వాతి వాళ్ళు వచ్చేదాకా

వెనక తలుపు చప్పుడైనా తిరిగి చూడకూడదు. ఈ గదిలో నియమం అది. తలుపు కిర్రుమంది, గాలికే అయ్యుంటుంది, ఈ ఎండలో ఇంత తొందరగా ఎవరొస్తారు, నేను మోకాళ్ళ మీదికి దిగి ఎంతసేపైందని. చాలాసేపైనట్టే ఉంది. కాకపోయుండొచ్చు కూడా. గడియారం ఈ గదిలో పెట్టరు, పెడితే ప్రార్థన మానేసి దాన్నే చూస్తారని పాస్టరమ్మగారు తీయించేశారు. గోడకి మేకు మాత్రం మిగిలింది, చుట్టూ వెలిసిపోని సున్నం గుండ్రంగా. ఎంతమంది ఆ గుండ్రానికేసి చూస్తూ ప్రార్థించి ఉంటారో. నేనూ దాన్నే చూస్తున్నాను. ప్రభువా, క్షమించు, కళ్ళు మూసుకుంటాను. కళ్ళు మూసుకుంటే మంచం కనిపిస్తుంది. మంచం మీద మా అమ్మాయి, కిటికీ వైపు తిరిగి, భుజం ఎముక చొక్కాలోంచి పొడుచుకొచ్చి. కళ్ళు తెరిస్తే మేకు. మేకే నయం.

గొలుసు ప్రార్థన అంటే గంటకొకరు. మా సంఘంలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే గొలుసు వేస్తారు, తలా ఒక గంట తీసుకుంటారు, రాత్రీ పగలూ ఈ గదిలో చాప ఖాళీగా ఉండకూడదు. ముందున్నవాళ్ళు తమంతట తాము లేవకూడదు. తర్వాతి వాళ్ళు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నేనున్నాను, మీరు లేవండి" అన్నాకే లేవాలి. అప్పటిదాకా గంట దాటినా సరే, కాళ్ళు పడిపోయినా సరే. ఫోను బయట స్టూలు మీద బుట్టలో పెట్టి రావాలి. పెట్టాను. పెట్టానుగానీ నా ప్రాణం ఆ బుట్టలోనే ఉంది. ఇందాకటినుంచీ అది గుర్రుమంటున్నట్టే ఉంది. మా అమ్మాయి వాళ్ళ నాన్న చేస్తున్నారేమో. ఆయన ఊరికే ఫోను చేసే మనిషి కాదు, చేశారంటే ఏదో అయినట్టే. స్కూలు వ్యాను నడిపే మనిషి, పొద్దున పిల్లల్ని దింపాక సాయంత్రం దాకా ఖాళీ, ఆ ఖాళీలో దాని దగ్గర కూర్చుంటారు. కూర్చుని ఏం మాట్లాడతారో, నేనెళ్ళేసరికి ఇద్దరూ మౌనంగా ఉంటారు, నేనొచ్చానని మాటలు ఆపినట్టుంటుంది. గుర్రుమన్నది ఫోను కాదు. పైన ఫ్యాను. ఫ్యానే.

స్టవ్ ఆపానా. ఆపాను. గంజి గిన్నె మీద మూత పెట్టాను. దాని చేతికి అందేలా స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను, గట్టిగా పిలవాలంటే గొంతు రాదు కాబట్టి గ్లాసు మీద కొడుతుంది. వాళ్ళ నాన్నకి ఒక చెవి సరిగ్గా వినపడదు, వ్యాను ఇంజను పక్కన కూర్చుని కూర్చుని అది మొద్దుబారింది. ఆ చెవి వైపు కూర్చుని ఉంటే? గ్లాసు కొట్టినా వినపడకపోతే? అవతల వైపు కూర్చోమని చెప్పలేదు. ఎన్నో చెప్పాను, అదొక్కటి చెప్పలేదు. ఇప్పుడు వెళ్ళి చెప్పి రావాలంటే సందు దాటితే చాలు, చర్చి గోడా మా ఇంటి పెరడూ ఎదురెదురే. కానీ లేస్తే గొలుసు తెగుతుంది. తెగిన క్షణంలోనే ఏమన్నా అయితే. నీళ్ళు తాగుతూ పొలమారితే. లేవను. లేవను ప్రభువా, కూర్చునే ఉన్నాను చూడు.

నేనొచ్చేసరికి నా ముందు గంట వడ్రంగి తాతగారిది. ఈ చర్చిలో బల్లలన్నీ ఆయన చేసినవే. తలుపు తీస్తే గురక. మోకాళ్ళ మీద అలాగే కూర్చుని, నుదురు గోడకి ఆనించి, హాయిగా గురక. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా కూతురి గొలుసు, అందులో గురకా! భుజం మీద చెయ్యి వెయ్యడం కాదు, ఊపేశాను. "నేనున్నాను, మీరు లేవండి తాతగారూ" అన్నాను, గొంతులో కోపం దాచుకోలేక. ఆయన కళ్ళు నులుముకున్నారు. "నిద్రపోలేదమ్మా, లోతుగా ప్రార్థిస్తున్నాను."

"గురక వినపడింది తాతగారూ."

"వినపడితే వినపడనీ. మూలుగుని ప్రార్థన కింద తీసుకునే దేవుడు గురకని తీసుకోడా ఏంటి? నువ్వొకటి. చెయ్యందియ్యి ముందు, ఈ మోకాళ్ళు నామాట వినవు."

చెయ్యి అందించాను. కీళ్ళు పటపటమన్నాయి. గుమ్మం దగ్గర ఆగి, "నీ తర్వాత ఎవరమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ గంట నిన్న రాత్రి దాకా ఎవరూ తీసుకోలేదు, భోజనాలయ్యాక మగతగా ఉండే వేళ కదా, ఎవరికి మాత్రం కష్టం కాదు. నేనే రెండు గంటలూ ఉంటానన్నాను. పాస్టరమ్మగారు ఒప్పుకోలేదు. పొద్దున గేటు దగ్గర కనబడి, "ఆ గంట ఒకళ్ళు అడిగారులే, వస్తారు" అన్నారు. ఎవరండీ అంటే నవ్వారు. నవ్వి, నా చెంప మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడుపు ఆపుకున్నవాళ్ళు నవ్వినట్టుంది. ఆవిడకేమన్నా తెలుసా? డాక్టరమ్మ ఆవిడతో ఏమన్నా చెప్పిందా, మాకు చెప్పనిది?

మాకు చెప్పనిదంటూ ఏముంది, అన్నీ చెప్పింది. చిన్నపిల్లలా ఉంటుంది డాక్టరమ్మ, మా అమ్మాయి కంటే చిన్నదేమో. కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చుంది, అప్పుడే అర్థమైపోయింది నాకు. మంచి కబురు చెప్పేవాళ్ళు నిలబడి చెబుతారు. మందు పనిచెయ్యడం ఆగిపోయిందమ్మా, ఇక సూదులతో దాన్ని హింస పెట్టొద్దు, ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పి తెలియకుండా ఇస్తాం అంది. ఎన్నాళ్ళు అని వాళ్ళ నాన్న అడగబోతే నేను ఆయన మోచెయ్యి గిల్లాను. అడగొద్దు. అడిగితే చెబుతుంది. చెప్పిందంటే అది నిజమైపోతుంది. మా అమ్మాయి మాత్రం మంచం మీద కూర్చుని, "అమ్మయ్య, ఈ సూదిమందుల వాసన వదిలింది" అంది. అమ్మయ్య అంది. ఆసుపత్రినుంచి ఇంటికొస్తూ వ్యానులో స్కూలు పిల్లల సీట్లో కూర్చుని, కిటికీకి తల ఆనించి, దారంతా దుకాణాల బోర్డులు చదువుకుంటూ వచ్చింది, చిన్నప్పుడు అక్షరాలు కొత్తగా వచ్చినప్పుడు చదివినట్టు.

ఎడమ కాలు తిమ్మిరెక్కింది. కొంచెం జరిగాను. జరిగితే తప్పులేదు, లేస్తేనే తప్పు. రేపు లాండ్రీలో నిలబడగలనో లేదో. రేపు వెళ్ళనసలు. వెళ్ళకపోతే నాతో పనిచేసే పొడుగామె ఒక్కతే అయిపోతుంది, దుప్పట్లు ఒక్కరు మడవలేరు. హోటళ్ళనుంచి వస్తాయి మాకు, తెల్ల దుప్పట్లు, కుప్పలు కుప్పలు, ఆవిరి ఇస్త్రీలోంచి వేడివేడిగా బయటికి రాగానే ఇద్దరం చెరో వైపు రెండేసి కొసలు పట్టుకోవాలి, విదిలించాలి, ఒకరికేసి ఒకరు నడవాలి, నా కొసలు ఆమె చేతికి ఇవ్వాలి, వంగి కింద మడత అందుకోవాలి. ఆమె పట్టుకోకముందే నేను వదిలితే దుప్పటి నేలపాలు, మళ్ళీ ఉతుకు. మా అమ్మాయి చిన్నప్పుడు సెలవుల్లో నాతో వచ్చేది. పొడుగామె రాని రోజుల్లో స్టూలెక్కి నాకు ఎదురు నిలబడేది. "వదలనా అమ్మా?" "ఉండవే, ఇంకా పట్టుకోలేదు." "ఇప్పుడు?" "ఊఁ, పట్టుకున్నా." ఆ వేడి గుడ్డలో మొహం దాచుకుని నవ్వేది. గుడ్డతో సావాసం అక్కడే పట్టుకుంది దానికి. తర్వాత యూనిఫారాల దుకాణంలో కత్తిరింపు పనికి చేరింది. సుద్దతో గీత గీసి, పొరల మీద పొరలు పేర్చి ఒక్కసారే కత్తెర వేసేది. చూపుడువేలి పక్కన కాయ కాసింది, గట్టిగా గింజలాగా. ఒళ్ళంతా కరిగిపోయిందిగానీ ఆ కాయ మాత్రం అలాగే ఉంది. పొద్దున దాని చెయ్యి తుడుస్తుంటే వేలికి తగిలింది. అక్కడే ఆగిపోయింది నా చెయ్యి.

పొద్దున. ఆ సంగతి తలుచుకోకూడదనే ఇంతసేపూ మేకూ గురకా దుప్పట్లూ. నీకు తెలుసు ప్రభువా నేనెందుకు తప్పించుకుంటున్నానో.

"అమ్మా, ఇవాళ నీ గంట ఎప్పుడు?" అంది. మధ్యాహ్నమే, భోజనాలయ్యాక అన్నాను. "ఏమని అడుగుతావు?" "కొత్తగా ఏముందే, రోజూ అడిగేదే." "ఇవాళొక్కరోజు నేను చెప్పింది అడుగుతావా?" అంది. ఏదో తినాలనుందేమో, ఎవర్నన్నా చూడాలనుందేమో అనుకున్నాను, సంబరపడ్డాను కూడా. ఏమైనా కోరిక ఉందంటే బతకాలని ఉన్నట్టే కదా. "చెప్పు తల్లీ, చెప్పు" అన్నాను. అది నా చేతిలో తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది. "బాగుచెయ్యమని అడగొద్దు. అలిసిపోయానమ్మా. నాకు విశ్రాంతి ఇమ్మని అడుగు."

"నోర్ముయ్" అన్నాను. చావుబతుకుల్లో ఉన్న పిల్లని పట్టుకుని అన్న మాట అది. "ఆ మాట ఇంకోసారన్నావంటే చూడు. ఊరంతా నీ కోసం మోకాళ్ళ మీద ఉంటే నువ్వు ముసుగు తన్ని పడుకుంటానంటావా?"

అది కోప్పడలేదు. నవ్వింది. "అదేనమ్మా నేను చెప్పేది. తలా ఒక గంట నన్ను పట్టుకుని లాగుతున్నట్టుంది. పాపం వాళ్ళు ప్రేమతోనే లాగుతున్నారు, నాకు తెలుసు. కానీ నేను లేవకపోతే అందరి మోకాళ్ళ నొప్పులూ దండగేగా? పడుకున్నా తప్పు చేసినట్టుంది. కళ్ళు మూసుకుంటే తాతగారు గుర్తొస్తారు, ఆ కాళ్ళతో నా కోసం కూర్చున్నారు కదా అని మళ్ళీ కళ్ళు తెరుస్తాను."

నేనే చెప్పాను అందరికీ. గొలుసు వేసిన రోజు గుమ్మం గుమ్మం తిరిగి చెప్పాను, ఎవరి గంటలో వాళ్ళు ఇష్టమొచ్చినట్టు అడక్కండి, అందరూ ఒకటే అడగండి, లేపి నిలబెట్టమని అడగండి, వేరే మాట రానివ్వకండి అని. తలా ఒకటి అడిగితే బలం చెదిరిపోతుందేమోనని నా భయం. పైగా మొదటి మందు పనిచేసినప్పుడు ఆదివారం నిలబడి మాటిచ్చాను, నా కూతురు ఇదే చోట నిలబడి మీ అందరి ముందూ దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెబుతుందని. అప్పట్నుంచీ చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. "నీ సాక్ష్యం కోసం ఎదురుచూస్తున్నామమ్మా." మంచి మాటే కదా అనుకున్నాను, టీలు ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక అది గోడ వైపు తిరిగేది. నొప్పేమో అనుకున్నాను. కాళ్ళు పిసికాను. కాళ్ళలోనా నొప్పి.

పట్టు విడవకూడదంటారు పాస్టరయ్యగారు. ప్రతి ఆదివారం ఏదో ఒక చోట ఆ మాట వస్తుంది. పరుగు మధ్యలో ఆపేవాడికి ఏమీ దక్కదంటారు. వింటూ తల ఊపుతాను, నాకంటే పట్టు ఎవరికుంది, పుట్టినప్పటినుంచీ పట్టుకునే ఉన్నాను దాన్ని. పురిట్లో ఏడవలేదు అది. మంత్రసాని కాళ్ళు పట్టుకుని వీపు మీద కొట్టింది, అయినా ఏడవలేదు, ఇక అంతే అనుకున్నప్పుడు తుమ్మింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ తుమ్ముకి ముందున్న నిశ్శబ్దం నా చెవుల్లో ఉండిపోయింది, అదింకా ఉంది. అందుకే అది పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పసిపిల్లప్పుడు సరే, బడికెళ్ళే వయసులోనూ చూశాను, ఉద్యోగానికి వెళ్ళే వయసులోనూ చూశాను. ఒక కన్ను తెరిచి, "ఉన్నానమ్మా, పడుకో" అనేది. రాత్రి రాత్రికీ అదే ఆట. వాళ్ళ నాన్న తిట్టేవారు, "దాన్ని పడుకోనివ్వవే? ఊపిరి తీసుకోవడం దానికి నువ్వు నేర్పాలా?" అని. నేర్పాలి మరి. ఎవరైనా కాపలా ఉండాలి కదా. ఇప్పటికీ చూస్తున్నాను. ఇప్పుడు "ఉన్నానమ్మా" అనడానికి దానికి ఓపిక లేదు, వేలు కాస్త పైకెత్తి దింపుతుంది, అంతే.

పట్టు విడవకూడదు సరే, విడవను. కానీ ఆదివారం బడిలో పిల్లలకి మా అమ్మాయి చెప్పే కథ ఒకటుంది, పరుగెత్తి పరుగెత్తి చెట్టు కింద పడిపోయి, ఇక చాలు చచ్చిపోతానన్న ప్రవక్త కథ. పిల్లల్ని అడిగేది, "అప్పుడు దేవుడు ఏమన్నాడో చెప్పండి" అని. లేచి ప్రార్థన చేసుకో అన్నాడని ఒకడు, సిగ్గులేదా అన్నాడని ఒకడు. "కాదర్రా, ఏమీ అనలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళు పెట్టాడు, పడుకోనిచ్చాడు" అనేది. నేను వెనక బెంచీలో చెప్పులు సర్దుతూ వినేదాన్ని. పిల్లలకి కథ బాగా చెబుతుంది అని మురిసిపోయానంతే. అప్పుడు నాకేం తెలుసు.

అంబులెన్సు. దూరంగా. ఇటే వస్తోంది. మా సందులోకే. వాళ్ళ నాన్నకి ఆ వ్యాను ఉండగా అంబులెన్సు ఎందుకు పిలుస్తారు, పిలిచారంటే కూర్చోబెట్టలేని స్థితి అన్నమాట, పడుకోబెట్టి తీసుకెళ్ళే స్థితి. ప్రభువా, ప్రభువా, ప్రభువా. దాటిపోయింది. పెద్ద రోడ్డు మీద వెళ్ళిపోయింది. అందులో ఎవరి బిడ్డ ఉందో. ఉన్నదెవరో గానీ మా అమ్మాయి కాదని ఊపిరి పీల్చుకున్నాను, ఎవరో ఒకామె ఇప్పుడు ఆ బండిలో నాలాగే ప్రభువా ప్రభువా అంటూ ఉంటుంది. ఆమెని కూడా చూడు తండ్రీ. ఆమె గొలుసు ఎవరు పట్టుకున్నారో.

ఇక తప్పించుకోను. అడుగుతాను. ఏమని అడగాలి? విశ్రాంతి ఇమ్మని. ఆ మాట ఎక్కడుంటుందో నాకు తెలుసు, వాళ్ళ నాయనమ్మ సమాధి రాయి మీద చెక్కించాం కదా, సున్నం వేసినప్పుడల్లా ఆ అక్షరాల్లో ఇరుక్కున్న దుమ్ముని పుల్లతో తీసేది నేనే కదా. ఆ మాటని నా నోటితో, నా కూతురి పేరు మీద ఎలా అడగమంటావు? రాయి మీద అక్షరాలు నేనే చెక్కినట్టు కాదా? అది మాత్రం ఎంత తేలిగ్గా అడిగింది. దాహం వేస్తే నీళ్ళడిగినట్టు అడిగింది. నీళ్ళడిగితే నోర్ముయ్ అంటానా నేను? ఎప్పుడన్నా అన్నానా? అర్ధరాత్రి అడిగినా లేచి ఇచ్చానే.

నా వల్ల కాదు. ఇంకేదన్నా అడుగుతాను. నాకున్న ఏళ్ళు దానికియ్యి. ఇది ఎన్నిసార్లు అడిగానో. ఇంకొకటేదన్నా. నాకు కాళ్ళు పోనీ, కళ్ళు పోనీ. నువ్వు పుచ్చుకోవు, నా దగ్గరున్నది ఏదీ నువ్వు పుచ్చుకోవు. నాకు నిద్రొస్తోంది ప్రభువా. ఇన్నాళ్ళనుంచి ఎప్పుడు పడుకున్నానో నాకు గుర్తులేదు, కూర్చునే కునుకు తీస్తున్నాను, కునుకులో కూడా నా వేలు దాని ముక్కు దగ్గరే. తాతగారు గోడకి ఆనించిన చోట నుదుటి మరక ఉంది, చెమట మరక. ఎందరి నుదుళ్ళో ఆనిన చోటు అది. నేనూ అక్కడే ఆనిస్తున్నాను. చల్లగా ఉంది. నేనూ అలిసిపోయాను. ఇదిగో, ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. దాన్ని చూసి చూసి, భయపడి భయపడి అలిసిపోయాను. ఒక్కోసారి, పాపిష్టిదాన్ని, ఏదో ఒకటి అయిపోతే బాగుండును, ఈ కాసుకుని కూర్చోవడం తప్పేది అని కూడా అనిపించింది. తిట్టు నన్ను. తిట్టవా? ఆ చెట్టు కింది మనిషిని కూడా తిట్టలేదు నువ్వు.

"దానికి నిద్ర ఇవ్వు" అన్నాను. పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అదడిగినట్టే ఇవ్వు. భయం లేని నిద్ర. మేమెవ్వరం లాగని నిద్ర."

అనేశాను. అయ్యో, అనేశాను. వెనక్కి తీసుకోవాలి. విన్నావా? వినలేదు కదూ? ఇన్నాళ్ళూ అడిగినవి ఏవీ విననట్టే ఉన్నావు, ఇదొక్కటి చటుక్కున వినేస్తావా ఏంటి? ఇవాళే అని కాదు నేనన్నది. నొప్పి లేకుండా అని, అంతవరకే. మాట పొరపాటైపోయింది. ప్రభువా, ఒక్క నిమిషం ఆగు.

అడుగులు.

బయట కంకర మీద. మెల్లగా. ఆగుతున్నాయి, మళ్ళీ నడుస్తున్నాయి. ప్రార్థనకి వచ్చేవాళ్ళు అలా నడవరు, ఆలస్యమైపోయిందని గబగబా వస్తారు. ఇలా నడిచేవాళ్ళు ఒక్కరే, కబురు మోసుకొచ్చేవాళ్ళు. గుమ్మం దాకా వచ్చి ఎలా చెప్పాలో తెలియక ఆగేవాళ్ళు. ఇద్దరున్నారు. ఒకటి చెప్పుల చప్పుడు, బరువుగా, అది వాళ్ళ నాన్నదే, ఇన్నేళ్ళు కాపురం చేశాను నాకు తెలియదా. రెండోదెవరిది? ఈడుస్తూ. పాస్టరమ్మగారు అయ్యుంటారు, ఏడుస్తూ వస్తూ ఉంటారు. అందుకే పొద్దున అలా నవ్వారు. విన్నాడు. దేవుడు విన్నాడు. మాట నోటిలోంచి ఇంకా పూర్తిగా రానేలేదు, తీసుకెళ్ళిపోయాడు.

తలుపు కిర్రుమంది. తిరిగి చూడలేదు. నియమం కోసం కాదు, చూడలేక. చూసేదాకా అది ఉన్నట్టే. బుట్టలో ఏదో పెట్టిన చప్పుడు. ఊపిరి, ఆయాసంగా, కొండెక్కి వచ్చినట్టు. చాప అంచు కదిలింది. నేను మేకుకేసి చూస్తూనే ఉన్నాను.

భుజం మీద చెయ్యి పడింది. ఆకు పడినంత బరువుంది, అంతే. వేలి పక్కన ఏదో గట్టిగా తగిలింది, జాకెట్టు మీదనుంచి కూడా తెలిసింది. గింజలాగా.

"నేనున్నాను" అంది. ఆయాసం తీర్చుకుని, "నువ్వు లే" అంది.

లేవలేదు నేను. లేవాలన్న సంగతే గుర్తు లేదు. చెయ్యి పట్టుకున్నాను, రెండు చేతులతో, ఆ కాయ మీద నా బొటనవేలు పెట్టి. గుమ్మం దగ్గర వాళ్ళ నాన్న మడత కుర్చీతో నిలబడ్డారు, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా. "నాకేం తెలియదే" అన్నారు. "పాస్టరమ్మగారి దగ్గర ఈ గంట అదే అడిగి తీసుకుంది. గేటు దాకా వ్యానులోనే తెచ్చాను. లోపలికి మాత్రం నడిచే వస్తానంది. ఎత్తుకుంటానంటే వినలేదు."

"తన గొలుసులో తానే కూర్చోవడం ఎక్కడన్నా ఉందటే?" అన్నాను. తిట్టినట్టే వచ్చింది.

"ఇప్పుడుంది" అంది. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చుంది, కాదు, కూలబడింది. "మోకాళ్ళ మీద కూర్చోలేను. ఆయనేమీ అనుకోడులే. తాతగారి గురకనే సర్దుకున్నాడట కదా, దార్లో కనబడి చెప్పారు."

"నేనూ ఉంటాను."

"ఉండు. కానీ కూర్చోకు. పడుకో. నీ గంట అయిపోయిందమ్మా, ఇది నాది."

"ఏమని అడుగుతావే?"

"నీకెందుకు?" అంది. అని, కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నీ గురించే. నువ్వు పడుకోవాలని."

వాళ్ళ నాన్న బయట మెట్టు మీద కూర్చున్నారు, వినపడే చెవి ఇటు పెట్టి. ఎవరూ చెప్పకుండానే ఇటు పెట్టారు. నేను చాప మీద ఒరిగాను. ఒరుగుతుంటే ఎముకలన్నీ ఒక్కొక్కటిగా నేల దొరికినట్టు దిగాయి. దాని పాదం నా తల పక్కనే ఉంది, నీరు పట్టి, చల్లగా. చీర కొంగు తీసి కప్పాను. పైన అది ఏమీ గొణగడం లేదు. పెదవులు కదులుతున్నాయో లేదో ఇక్కడనుంచి కనబడదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, వస్తోంది, ఆగుతోంది, వస్తోంది. నా చెయ్యి లేవబోయింది, అలవాటు కొద్దీ, ముక్కు దగ్గరికి. లేచేలోపే దాని వేళ్ళు వచ్చి నా వేళ్ళని పట్టుకున్నాయి. "ఉన్నానమ్మా" అంది. చాలా రోజులైంది ఆ మాట విని.

ఉంది. ఈ గంట ఉంది. ఈ గంటకి తర్వాత ఎవరొస్తారో నాకు పాస్టరమ్మగారు చెప్పక్కర్లేదు. నియమం ఒకటే కదా, అందరికీ. ముందున్నవాళ్ళు తమంతట తాము లేవకూడదు, తర్వాతి వాళ్ళు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నేనున్నాను నువ్వు లే అనాలి, అప్పటిదాకా కూర్చోవాలి. అది కూర్చుంది. ఇన్నాళ్ళూ పట్టు విడిచిందనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. వచ్చేది నువ్వే ప్రభువా. నాకు తెలుసు. వద్దని అడగను, పొద్దున దానికి మాటివ్వలేదు గానీ ఇప్పుడు నీకిస్తున్నాను. దుప్పటి కొసలు నా చేతిలోనే ఉన్నాయి. నువ్వు పట్టుకున్నాకే వదులుతాను, నువ్వు పట్టుకున్నట్టు నాకు తెలియాలి, అంతే. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి తండ్రీ, ఇదొక్కటి విను. కంకర మీద నడిచి రావాలి నువ్వు కూడా. ఇది వచ్చినట్టే రా. గబగబా వద్దు. మెల్లగా, ఆగి ఆగి.